కార్నియా మార్పిడి, కంటి ఉపరితల చికిత్సలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ కంటి ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్ బల్ల దగ్గర రోజూ వినిపించే ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. వీటిలో చాలావరకు నల్గొండ, మహబూబ్‌నగర్, మెదక్ వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవారు, చీటీ చేతిలో పట్టుకుని తమ వంతు కోసం కూర్చున్నప్పుడు అడిగినవి. సమాధానాలు అవగాహన కోసం మాత్రమే. ఏ కంటికి ఏ చికిత్స సరిపోతుందన్నది ఆ కంటిని స్లిట్‌ల్యాంప్ (కంటి పరీక్షకు వాడే మైక్రోస్కోపు) కింద పరీక్షించిన డాక్టరే తేల్చాలి.

కంట్లో పువ్వు పడిందంటే శుక్లం వచ్చినట్టేనా?

కాదు. శుక్లం కంటిపాప వెనక ఉండే సహజ కటకం మసకబారడం వల్ల వస్తుంది. ఆ కటకాన్ని తీసి కృత్రిమ కటకాన్ని అమరుస్తారు కాబట్టి దానికి మరొకరి కన్ను అవసరం లేదు. పువ్వు అనేది నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా అమరి ఉండే కార్నియా మీద పడిన తెల్లటి మచ్చ. సుమారు అర మిల్లీమీటరు మందం ఉండే ఈ పొరలో రక్తనాళాలు ఉండవు, అందుకే అది అంత తేటగా ఉంటుంది. దెబ్బ, పుండు, రసాయనం, పుట్టుకతో వచ్చిన లోపం, వీటిలో ఏ కారణంగానైనా ఆ తేటదనం పోతే వెలుతురు లోపలికి సరిగా వెళ్లదు. పాఠ్యపుస్తకాల్లో కార్నియాను శుక్లపటలం అని రాయడం వల్ల ఈ రెండింటినీ ఒకటే అనుకునేవారు ఎక్కువయ్యారు. అందుకే ఇక్కడ అంతటా కార్నియా అనే మాటనే వాడుతున్నాను.

పాతికేళ్ల కిందట మా తాతగారికి చేసిన కంటి మార్పిడికీ, ఇప్పుడు చేస్తున్నదానికీ తేడా ఏమిటి?

అప్పుడు కార్నియాను పూర్తి మందంతో మార్చేవారు, ఇప్పుడు వీలైనచోట పాడైన పొరను మాత్రమే మారుస్తున్నారు. ఈ రంగంలో ఇటీవల వచ్చిన మార్పుల్లో ఇంతకంటే పెద్దది లేదని నా అభిప్రాయం.

మనిషి నుంచి మనిషికి చేసిన మొదటి విజయవంతమైన కార్నియా మార్పిడి 1905 డిసెంబర్ 7న, నేటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఓలోమౌట్స్ పట్టణంలో జరిగింది. ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, సున్నం పడి రెండు కళ్లూ దెబ్బతిన్న ఒక కూలీకి, గాయం వల్ల కన్ను తీసివేయవలసి వచ్చిన 11 ఏళ్ల బాలుడి కార్నియాను అమర్చారు. ఆ తర్వాత దాదాపు వందేళ్లపాటు పద్ధతి మెరుగుపడుతూ వచ్చింది గానీ, మూలసూత్రం మారలేదు. మధ్యలోని గుండ్రటి బిళ్లను పూర్తిగా కోసి తీసి, దాత బిళ్లను తలవెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో, సాధారణంగా 16 కుట్లతో కుట్టేవారు. కుట్లన్నీ తీసి చూపు స్థిరపడటానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టేది. కుట్టు బిగువులో తేడా వచ్చి కార్నియా వంకర తిరిగితే కళ్లద్దాలు పెట్టుకున్నా చూపు స్పష్టంగా ఉండేది కాదు.

కార్నియాను మూడు భాగాలుగా ఊహించుకుంటే తర్వాతి సమాధానాలు సులువుగా అర్థమవుతాయి. పైన చర్మంలా ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టే పైపొర, నడుమ మందంగా ఉండే నడిమి పొర, లోపల కంటి నీటిని ఆనుకుని ఒకే వరుసలో పరుచుకున్న కణాల లోపొర. మచ్చ నడిమి పొరలోనే ఉండి లోపొర బాగుంటే, రోగి లోపొరను అలాగే ఉంచి ముందు భాగాన్ని మాత్రమే మార్చే డాల్క్ అనే పద్ధతి ఉంది. లోపొర పాడైతే చేసే చికిత్స గురించి కింద రాశాను. దాత కార్నియా అనుకూలంగా ఉంటే ముందు భాగాన్ని ఒకరికి, లోపొరను మరొకరికి అమర్చడం కూడా సాధ్యమే.

మా అమ్మకు రెండేళ్ల కిందట శుక్లం ఆపరేషన్ అయింది. ఇప్పుడు పొద్దున లేవగానే అంతా మసకగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి కాస్త తేటపడుతుందనీ అంటోంది. ఎందుకిలా?

మీ అమ్మగారు చెప్పిన ఈ లక్షణాన్ని డాక్టరుకు ఇవే మాటల్లో చెప్పండి, ఎందుకంటే అది లోపొర బలహీనపడిందనడానికి ముఖ్యమైన గుర్తు. లోపొరలోని కణాలు కార్నియాలోకి చేరిన నీటిని నిరంతరం బయటికి తోడేస్తూ ఉంటాయి. ఈ కణాలు పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2500 నుంచి 3000 వరకు ఉంటాయి. చనిపోయిన కణం స్థానంలో కొత్తది పుట్టదు. వయసు వల్ల, వంశపారంపర్యంగా వచ్చే ఫుక్స్ వ్యాధి వల్ల, కొందరిలో శుక్లం ఆపరేషన్ సమయంలో కలిగే ఒత్తిడి వల్ల ఇవి బాగా తగ్గిపోతే కార్నియా నీరుపట్టి ఉబ్బుతుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉండటం వల్ల ఆ నీరు ఆవిరి కాదు, అందుకే పొద్దున మసక ఎక్కువ.

తొలిదశలో ఉప్పుశాతం ఎక్కువగా ఉండే చుక్కల మందుతో కొంత ఉపశమనం ఉంటుంది. ముదిరితే లోపొరను మారుస్తారు. ఇందులో డీసెక్, డీమెక్ అని రెండు పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. డీసెక్‌లో లోపొరతోపాటు నడిమి పొర నుంచి పలుచటి పొరను కూడా కలిపి అమరుస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన గెరిట్ మెలెస్ బృందం 2006లో ప్రకటించిన డీమెక్‌లో లోపొరను, దానికి ఆధారంగా ఉండే డెస్మెట్ పొరను మాత్రమే తీసుకుంటారు. దాని మందం మొత్తం కార్నియా మందంలో 30వ వంతుకు మించదు.

ఆ పొరను దాత కార్నియా నుంచి ఒలిచి నీటిలో వదలగానే, ఎండిన తమలపాకులా తనంతట తానే చుట్టుకుపోతుంది. కంటికి కనపడనంత పలుచన కాబట్టి దానికి నీలిరంగు వేస్తారు. మూడు మిల్లీమీటర్లకు మించని గాటు గుండా, గాజు గొట్టంతో ఆ నీలి చుట్టను కంటి లోపలికి పంపిస్తారు. లోపలికి చేరాక సర్జన్ దాన్ని చేత్తో పట్టుకోరు. కార్నియా పైనుంచి సన్నని పరికరంతో మెల్లగా తట్టుతూ, ఆ తట్టుకు కదిలే నీటి అలలతోనే చుట్టను విప్పుతారు. పూర్తిగా పరుచుకున్నాక కింద గాలిబుడగను పంపి పొరను పైకి అంటిస్తారు. లోపొరను అతికించడానికి కుట్లు వేయరు. మైక్రోస్కోపుకు కలిపిన తెరమీద మొదటిసారి చూసినప్పుడు, ఆ చుట్ట విప్పుకునేదాకా గదిలో ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ప్రయోజనం విషయానికి వస్తే, మార్పిడి పొరను శరీరం నిరాకరించే ప్రమాదం బాగా తగ్గింది. 2012లో అమెరికా నుంచి వచ్చిన ఒక పోలికలో, రెండేళ్లలో నిరాకరణ ఎదురయ్యే అవకాశం పూర్తి మందం మార్పిడిలో 18 శాతం, డీసెక్‌లో 12 శాతం ఉండగా, డీమెక్‌లో 1 శాతమే ఉంది. అయితే కార్నియా మరీ తెల్లబడి లోపల ఏమీ కనిపించని కళ్లలోను, లోపలి నిర్మాణం దెబ్బతిన్న కళ్లలోను డీమెక్ కష్టం. అలాంటిచోట మీ డాక్టరు డీసెక్ సూచిస్తే, పాత పద్ధతి అంటగట్టారని అనుకోవద్దు.

ఆపరేషన్ తర్వాత వెల్లకిలా పడుకోవాలంటున్నారు. అంత అవసరమా?

అవసరమే. గాలిబుడగ పైకి తేలితేనే పొర అతుక్కుంటుంది, కాబట్టి ముఖం కప్పు వైపు ఉండేలా మొదటి ఒకటి రెండు రోజులు వీలైనంతసేపు వెల్లకిలా పడుకోవాలి. నడుంనొప్పి ఉన్నవారు ఈ సంగతి ముందే చెప్పాలి. కంట్లో గాలి గానీ, వాయువు గానీ ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. పొర అంచు ఎక్కడైనా ఊడితే మళ్లీ గాలి పంపవలసి రావచ్చు. అది ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు.

మా అబ్బాయికి 17 ఏళ్లు. ఆరునెలలకోసారి అద్దాల పవర్ మారుతోంది, కెరటోకోనస్ అన్నారు. మార్పిడి తప్పదా?

చాలామందికి తప్పుతుంది, సకాలంలో వస్తే. కెరటోకోనస్‌లో కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది. అలర్జీ దురదతో కళ్లు బలంగా నలుపుకునే అలవాటు దీన్ని ముదిరేలా చేస్తుంది. ముందుగా ఆ నలపడం మానాలి, అలర్జీకి మందు వాడాలి. వ్యాధి ముదురుతున్నట్టు కార్నియా ఆకారపు పటంలో తేలితే క్రాస్‌లింకింగ్ చేస్తారు. రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బి2 చుక్కలను కార్నియాకు పట్టించి, దానిమీద 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తారు. నడిమి పొరలోని కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా గట్టిపడుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి మనుషుల్లో ఇచ్చిన ఫలితాలు 2003లో వెలువడ్డాయి. ఇది వ్యాధిని ఆపడానికే గానీ, పోయిన చూపును తెచ్చిపెట్టడానికి కాదన్నది తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత కూడా గట్టి కాంటాక్ట్ లెన్సులు అవసరం కావచ్చు. కొందరికి, చెన్నైలో సూసన్ జేకబ్ ప్రవేశపెట్టిన పద్ధతిలో, దాత కార్నియా ముక్కలనే నెలవంకల్లా కోసి నడిమి పొరలో అమర్చి ఆకారాన్ని సరిచేస్తున్నారు.

పాపకు సున్నం ప్యాకెట్ చిట్లి కంట్లో పడింది. ఏం చేయాలి?

ఇది చదువుతున్నప్పుడే ఆ ప్రమాదం జరిగి ఉంటే ముందు కుళాయి దగ్గరికి వెళ్లండి. రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 20 నుంచి 30 నిమిషాలపాటు ధారగా నీళ్లు పోయాలి. రెప్ప మడతల్లో ఇరుక్కున్న సున్నం పలుకులను తడి దూది పుల్లతో తీయాలి. అది అయ్యాకే ఆసుపత్రికి బయలుదేరాలి. పాలు, నూనె, నిమ్మరసం వంటివేవీ పోయకూడదు. యాసిడ్ కంటే సున్నం కంటికి ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే క్షారం కణాల కొవ్వుపొరలను కరిగించుకుంటూ లోలోపలికి దిగుతుంది. తమలపాకులోకి, పొగాకులోకి అమ్మే చిన్న ప్యాకెట్లు పిల్లలు ఆడుకుంటూ నొక్కితే సరిగ్గా ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంట్లో ఎవరైనా వాడుతుంటే వాటిని పిల్లల చేతికి అందని చోట పెట్టమని నేను కనబడిన ప్రతివారికీ చెబుతూనే ఉంటాను.

అలా కాలిన కంటికి హైదరాబాద్‌లో పుట్టిన ఒక చికిత్స ఇప్పుడు ఇతర దేశాల్లో కూడా చేస్తున్నారు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట ఉండే వలయాన్ని లింబస్ అంటారు. కార్నియా పైపొరను జీవితాంతం పుట్టించే మూలకణాలు అక్కడే ఉంటాయి. సున్నం వాటిని చంపేస్తే తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది. అప్పుడు ఎంత మంచి దాత కార్నియాను అమర్చినా, దానిమీద పైపొర నిలవదు కాబట్టి అది విఫలమవుతుంది. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు, రెండో కంటి లింబస్ నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి అమర్చవచ్చని చూపించారు. బంజారాహిల్స్‌లోని ఎల్‌.వి. ప్రసాద్ కంటి సంస్థ కూడా అలా పెంచిన కణాలతో వందలమందికి చికిత్స చేసింది. కానీ దానికి అత్యంత శుభ్రమైన ప్రయోగశాల, రోజుల తరబడి సమయం, బోలెడంత ఖర్చు కావాలి.

2012లో ఆ సంస్థకు చెందిన వీరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు ఆ ప్రయోగశాలనే అక్కర్లేకుండా చేసే పద్ధతిని ప్రచురించారు. దాన్ని స్లెట్ అంటారు. బాగున్న కంటి లింబస్ నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల చదరపు ముక్కను తీసి, దాన్ని ఎనిమిది, పది చిన్న తునకలుగా కోస్తారు. దెబ్బతిన్న కంటి మీద పాకిన పొరను ఒలిచేసి, ఉమ్మనీటి సంచి పొరను పరిచి, దానిమీద ఈ తునకలను నారుమడిలో నారు నాటినట్టు దూరదూరంగా పెట్టి ఫిబ్రిన్ జిగురుతో అంటిస్తారు. సిజేరియన్ కాన్పుల్లో మాయతోపాటు బయటికి వచ్చే ఆ పొరను తల్లి అనుమతితో సేకరించి, పరీక్షించి, భద్రపరుస్తారు. కణాలు పెరగడానికి కంటికి మించిన చోటు లేదు కాబట్టి అవి అక్కడే పెరిగి కార్నియాను కప్పేస్తాయి. ఒక కన్ను మాత్రమే కాలిన 125 మందిపై 2016లో ప్రచురించిన ఫలితాల్లో 76 శాతం మందికి ఉపరితలం నిలబడింది. పైపొర కుదుటపడ్డాక కూడా లోపలి మచ్చ అడ్డుగా ఉంటే, అప్పుడు కార్నియా మార్పిడి చేస్తారు.

రెండు కళ్లూ కాలిపోయినవారి మాటేమిటి?

వారికి దారులు తక్కువ, చికిత్స కాలం ఎక్కువ. దగ్గరి బంధువుల నుంచి గానీ, మరణించిన దాత నుంచి గానీ లింబస్ తీసుకోవచ్చు, కానీ నిరాకరణను అణచే మందులు వాడుతూ ఉండాలి. జపాన్‌లోని ఒసాకాలో నిషిదా బృందం, మామూలు కణాలను తిరిగి మూలకణాలుగా మార్చి, వాటి నుంచి పైపొరను పెంచి నలుగురికి అమర్చింది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో ముగ్గురికి చూపు మెరుగు నిలబడింది. కన్ను పూర్తిగా ఎండిపోయినవారికి, రోగి సొంత పంటి ముక్కలో చిన్న ప్లాస్టిక్ కటకాన్ని బిగించి కంట్లో అమర్చే ఆపరేషన్ కూడా ఉంది. ఇటలీలో 1960లలో మొదలైన ఈ పద్ధతిని చెన్నైలో చేస్తున్నారు.

వరి కోతల్లో కంట్లో పొట్టు పడి ఎర్రబడింది. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు వేస్తే మొదట తగ్గి మళ్లీ పెరిగింది. ఎందుకు?

బహుశా ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. ఆకు, పొట్టు, గడ్డి గీసుకుని వచ్చే పుండ్లలో ఫంగస్ సాధారణం. స్టెరాయిడ్ ఎరుపును తగ్గించి ఊరట ఇచ్చినట్టే ఇచ్చి, లోపల ఫంగస్‌కు అడ్డు లేకుండా చేస్తుంది. ఆసుపత్రిలో పుండు నుంచి గీకిన నమూనాను మైక్రోస్కోపు కింద చూసి ఫంగసా, బ్యాక్టీరియానా అని తేల్చాకే మందు మొదలుపెట్టాలి. ఫంగస్ అయితే నాటమైసిన్ చుక్కలను మొదట్లో దాదాపు గంటకోసారి, వారాల తరబడి వేయవలసి వస్తుంది. ఆముదం, ఆకుపసరు, చనుబాలు వద్దు. పుండు చిల్లుపడేదాకా ఆగి వచ్చిన కన్నుకు చేసే మార్పిడి, కన్నును కాపాడుకోవడానికే తప్ప చూపుకోసం కాదు. ఆ మాట రైతుకు చెప్పవలసి వచ్చే రోజు మా బల్ల దగ్గర చాలా బరువైన రోజు.

అమర్చిన కార్నియాను శరీరం నిరాకరిస్తోందని ఎలా తెలుస్తుంది?

ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మందగించడం, నొప్పి, ఈ నాలుగింటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఆపరేషన్ అయి ఐదేళ్లయినా ఈ నియమం మారదు. తొందరగా వస్తే స్టెరాయిడ్ చుక్కలతోనే చాలాసార్లు సర్దుకుంటుంది. బాగుందని చుక్కలు మానేయకూడదు. ఎక్కువకాలం వాడే చుక్కల వల్ల కంటి ఒత్తిడి పెరగవచ్చు కాబట్టి పరీక్షలకు కూడా మానకుండా రావాలి.

కార్నియాను ప్రింటర్‌తో తయారుచేశారని విన్నాం. దానికోసం ఆగవచ్చా?

ఆగవద్దు. విన్నది నిజమే. 2022లో ఎల్‌.వి. ప్రసాద్ కంటి సంస్థ, కందిలోని ఐఐటీ హైదరాబాద్, హబ్సిగూడలోని కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి, మార్పిడికి పనికిరాని మానవ కార్నియాల నుంచి కణాలను తొలగించి, మిగిలిన పదార్థంతో సిరాలాంటి జిగురును తయారుచేసి, త్రీడీ ప్రింటర్‌తో కార్నియాను రూపొందించి కుందేలు కంటిలో పరీక్షించాయి. కుందేలు నుంచి మనిషి దాకా రావడానికి ఎన్నో పరీక్షలు దాటాలి.

మనుషుల దాకా వచ్చినవి వేరే ఉన్నాయి. స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయ బృందం పందిచర్మపు కొల్లాజెన్‌తో చేసిన పొరను ఇరాన్‌లోను, మన దేశంలోను కలిపి 20 మంది కెరటోకోనస్ రోగులకు అమర్చింది. ముందు అంధులుగా లెక్కకు వచ్చిన 14 మందిలో రెండేళ్ల తర్వాత ఒక్కరూ అంధులుగా లేరు. క్యోటోలో కినోషిటా బృందం లోపొర కణాలను ప్రయోగశాలలో పెంచి, సూదితో కంట్లోకి ఎక్కించి, రోగిని మూడు గంటలు బోర్లా పడుకోబెట్టింది. కణాలు కిందికి దిగి కార్నియాకు అంటుకుంటాయన్నమాట. 11 మందిలో ఫలితాలు 2018లో వెలువడ్డాయి, 2023లో జపాన్ అనుమతి ఇచ్చింది. ఒక దాత కణాలతో ఎంతోమందికి చికిత్స చేయగలగడం ఇందులో విశేషం. అందుకే నాకు అన్నింటికంటే ఎక్కువ ఆశ దీనిమీదే ఉంది.

కన్ను మొత్తాన్నే మార్చలేరా?

2023 మేలో న్యూయార్క్ డాక్టర్లు, విద్యుత్ ప్రమాదంలో ముఖం కోల్పోయిన వ్యక్తికి ముఖభాగంతోపాటు ఒక కన్నును కూడా అమర్చారు. ఆ కంటికి రక్తం అందింది, కానీ చూపు రాలేదు, ఎందుకంటే కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని తిరిగి కలపడం ఇంకా సాధ్యం కాలేదు. గ్లకోమా వల్ల నరం ఎండిపోయినవారికి, రెటీనా దెబ్బతిన్నవారికి కార్నియా మార్చినా ఉపయోగం లేదన్నది కూడా ఇందుకే.

నేత్రదానం చేయాలంటే కుటుంబం ఏం చేయాలి?

మరణం తర్వాత ఆరు గంటల్లోపు కార్నియాను సేకరించాలి, కాబట్టి వీలైనంత త్వరగా నేత్రనిధికి (ఐ బ్యాంకుకు) ఫోన్ చేయాలి. రెప్పలు మూసి తడి దూది గానీ, తడి గుడ్డ గానీ ఉంచాలి. ఫ్యాను ఆపాలి, ఏసీ ఉంటే వేయవచ్చు. తల కింద దిండు పెట్టాలి. వయసు అడ్డు కాదు, కళ్లజోడు, బీపీ, షుగరు, శుక్లం ఆపరేషన్ ఏవీ అడ్డు కావు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్ వంటివి ఉంటే మార్పిడికి తీసుకోరు. బతికి ఉండగా ప్రతిజ్ఞాపత్రం రాసినా, ఆ సమయంలో కుటుంబసభ్యుల సమ్మతి కావాలి. అందుకే మీ ఇష్టాన్ని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. డబ్బు తీసుకోవడం, ఇవ్వడం రెండూ చట్టవిరుద్ధం. దాత ఎవరో గ్రహీతకు, గ్రహీత ఎవరో దాత కుటుంబానికి చెప్పరు.

ఇంటికి వచ్చి ఏం చేస్తారు? ముఖం వికారంగా మారుతుందా?

మారదు. శిక్షణ పొందిన టెక్నీషియన్ సంచితో వచ్చి, సమ్మతిపత్రం మీద సంతకం, సాక్షుల సంతకాలు తీసుకుని, కుటుంబాన్ని కాసేపు పక్కగదిలో ఉండమంటారు. పరీక్షలకోసం కొద్దిగా రక్తం తీసి, ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నట్టు కార్నియాను మాత్రం, చుట్టూ కాస్త తెల్లగుడ్డు అంచుతో సహా తీస్తారు. 15 నుంచి 20 నిమిషాల పని. రెప్పలు మూశాక తేడా తెలియదు, అంత్యక్రియలు ఆలస్యం కావు. కార్నియాను గులాబిరంగు ద్రావణం ఉన్న చిన్న సీసాలో వేసి మంచుపెట్టెలో పెట్టి తీసుకెళ్తారు. ఎంకే ద్రావణంలో నాలుగు రోజులు, మరికొన్ని ద్రావణాల్లో 14 రోజుల వరకు నిలవ ఉంటుంది. నేత్రనిధిలో లోపొర కణాలను లెక్కించి, రక్తపరీక్షల ఫలితం చూసి, మార్పిడికి తగినదో కాదో నిర్ణయిస్తారు. తగినది కాకపోతే, సమ్మతి ఉన్నచోట పరిశోధనకు, డాక్టర్ల శిక్షణకు వాడతారు. పైన చెప్పిన ప్రింటర్ కార్నియాకు ముడిపదార్థం అయినవి అలాంటి కార్నియాలే.